కత్తెరక్కను ఎవరూ అడగలేదు

నేను బస్సు కండక్టర్‌ని. అడగడమే నా పని. "టికెట్, టికెట్" అంటూ ఈ చివరి నుంచి ఆ చివరికి, ఆ చివరి నుంచి ఈ చివరికి తిరగడంతోనే నా సగం బతుకు గడిచిపోయింది. ఈ ఉద్యోగంలో మొహాలు చూసి అడగడం మొదలుపెడితే కొంప మునుగుతుంది. ఇస్త్రీ చొక్కా వేసుకున్న పెద్దమనిషి టికెట్ కొనే ఉంటాడని అనుకోకూడదు. చిరిగిన చెప్పులవాడు ఎగ్గొడతాడనీ అనుకోకూడదు. అందరినీ అడగాలి, అందరినీ ఒకే మాట అడగాలి. కళ్లు మూసుకుని కూర్చున్న ముసలావిడను భుజం తట్టి మరీ అడగాలి. తిడితే పడాలి. మా అక్క సంగతి చెప్పమంటే ఇదేం గోల అనుకుంటున్నారేమో. ఆమెను తలచుకుంటే నాకు ముందు ఇదే గుర్తొస్తుంది, గుర్తొచ్చి ఒళ్లు మండుతుంది.

మా అక్కను అందరూ కత్తెరక్క అనేవారు. స్కూలు యూనిఫారాలు కుట్టే పెద్ద షాపులో కటింగ్ ఆమెదే. కుట్టేవాళ్లు బోలెడుమంది దొరుకుతారు, కత్తిరించేవాళ్లు ఒకరో ఇద్దరో. కుట్టు వంకర పోతే విప్పి మళ్లీ వేసుకోవచ్చు, కత్తెర వంకర పోతే గుడ్డ పోయినట్టే. పొడవాటి బల్ల మీద గుడ్డను మడత మీద మడతగా పరిచి, పైన అట్టముక్కలు పెట్టి, సుద్దతో గీత గీసి, ఆ బరువైన కత్తెర పట్టుకుందంటే ఇక ఎవరితోనూ మాట్లాడేది కాదు. బొటనవేలు ఒరుసుకుపోకుండా కత్తెర పిడికి పాత గుడ్డ చుట్టుకునేది. అయినా వేలికి కాయ కాసింది. అమ్మ పోయాక నాకు జడలు వేసింది ఆ చేతులే. ఆ కాయ నా మెడకు గీసుకుని మంట పుట్టేది, నేను గొడవ చేసేదాన్ని. "నీ నోటికన్నా గరుకేం కాదులే నా వేలు, కుదురుగా కూర్చో," అనేది.

నా నోరు అలాంటిదే. ఎగతాళి చెయ్యందే నాకు పొద్దుపోదు. పెళ్లిలోనూ జోకులే, చావింట్లోనూ జోకులే. దాని సంగతి తర్వాత చెబుతాను.

మా బావ స్కూల్లో గుమస్తా. నిప్పులాంటి మనిషి అని పేరు. వాళ్ల నాన్న తాగి తాగి, ఇంట్లో సామాన్లన్నీ పగలగొట్టి, చివరికి మురిక్కాలవ పక్కన పోయాడు. అందుకని మా బావకు మందు పేరు చెబితే చాలు ముక్కుపుటాలు అదురుతాయి. స్నేహితుడి దగ్గర కాస్త వాసనొచ్చినా కంచం ముందు నుంచి లేచి వెళ్లిపోయేవాడు. పెళ్లిచూపుల్లో కూడా అక్క చదువు గురించి అడగలేదు, వంట గురించి అడగలేదు. మీ ఇంట్లో ఎవరికైనా తాగుడు అలవాటుందా అని మా మేనమామను అడిగాడు. అక్కను మాత్రం అడగలేదు. ఆడపిల్లను ఎవరడుగుతారు?

అక్కకు అది నడుం నొప్పితో మొదలైంది. స్కూళ్లు తెరిచే ముందు పని విపరీతంగా ఉంటుంది. రోజంతా బల్ల మీదకు వంగి, సాయంత్రానికి నిటారుగా నిలబడలేకపోయేది. షాపులో కాజాలు కుట్టే పెద్దావిడ ఒకామె ఉండేది. వేన్నీళ్లలో రెండు చెంచాల బ్రాందీ కలిపి ఇచ్చి, "మందనుకో, కళ్లు మూసుకుని మింగెయ్," అందట. పాపం, ఆవిడ మంచికే అంది. అక్క మింగేసింది, నొప్పి తగ్గింది, ఆ పూట నిద్ర పట్టింది. తర్వాత నొప్పి ఉన్నా లేకపోయినా నిద్రకు అదే కావాల్సి వచ్చింది. చివరికి పొద్దున్నే కత్తెర పట్టుకోవడానికీ అదే దిక్కయింది. పోనుపోను రెండు చెంచాలు ఎక్కడికి పోయాయో నేను చెప్పక్కర్లేదు.

మరి ఇంట్లో వాసన రాలేదా అని అడుగుతారు. వచ్చింది. అందరికీ వచ్చింది. గుడ్డ మీద నూనె మరకలు తీయడానికి షాపులో స్పిరిట్ వాడతారు. "ఆ స్పిరిట్ కంపు వంటికి పట్టేసింది, ఎంత తోమినా పోదు," అనేది అక్క. బావ పాపం, "ఆ పాడు పని మానెయ్యరాదూ," అని జాలిపడేవాడు కూడా. జరిగింది జరిగినట్టు చెబుతున్నాను, నవ్వొస్తే నవ్వుకోండి.

ఒకసారి అక్క గుడ్డను తిరగేసి పరిచి, మొత్తం బొత్తికి బొత్తి ఎడమ చేతి చొక్కాచేతులే కత్తిరించింది. ఒక్కదానికీ కుడిచెయ్యి లేదు. కొత్తగా పనిలో చేరినవాళ్లు చేసే తప్పది, కత్తెరక్క చేసే తప్పు కాదు. షాపు యజమాని తిట్టలేదు. "అక్కా, కళ్లజోడు పెట్టుకోవాల్సిన వయసొచ్చింది నీకు," అని నవ్వేశాడు. చెయ్యి వణికితే నీరసమన్నారు. కడుపులో మంటంటే గ్యాసన్నారు. మొహం ఉబ్బితే ఆడవాళ్లకు ఆ వయసులో మామూలే అన్నారు. ప్రతి ఒక్కరి దగ్గరా ఒక కారణం సిద్ధంగా ఉండేది.

నాకెలా తెలిసిందంటే, ఒకరోజు డ్యూటీ ఎక్కబోతూ పొద్దున్నే షాపుకు వెళ్లాను. ఇంకా ఎవరూ రాలేదు. అక్క కత్తెర పట్టుకుని నిలబడి ఉంది, చేతిలో కత్తెర టకటకా కొట్టుకుంటోంది. నన్ను చూడలేదు. కత్తెర కింద పెట్టి, బొత్తాల డబ్బా వెనక నుంచి సీసా తీసి, స్టీలు గ్లాసులోకి వంచుకుని తాగింది. బల్ల అంచు పట్టుకుని కాసేపు ఆగింది. మళ్లీ కత్తెర అందుకుని గుడ్డలోకి పోనిచ్చింది, ఒక్క వంకర లేకుండా చివరిదాకా సూటిగా కోసింది. అప్పుడు వెనక్కి తిరిగి నన్ను చూసింది.

నేను అరిచాను. చేతిలో ఉన్న టిఫిన్ డబ్బా నేలకేసి కొట్టాను. ఆమె ఏడవలేదు, దబాయించనూ లేదు. మెతుకులన్నీ ఎత్తి చేటలో వేసి, "మీ బావకు చెప్పకే," అంది. "ఆయనకు చెబితే నన్ను చంపడు. కంచం ముందు నుంచి లేచి వెళ్లిపోతాడు. అది నేను పడలేను."

"పోనీ డాక్టర్‌కి చెప్పు."

"నా అంతట నేను వెళ్లి చెప్పుకుంటే తాగుబోతుదాన్ని. వాళ్లడిగితే చెబుతాను. అప్పుడు రోగిని. నీ మీద ఒట్టు, అడిగితే మాత్రం అబద్ధమాడను."

వీధి చివర ఉన్న డాక్టర్ గారి క్లినిక్‌కు అక్క అప్పటికే ఎన్నిసార్లు వెళ్లి వచ్చిందో. కడుపు మంటకు వెళ్లింది, నిద్ర పట్టదని వెళ్లింది, మెట్ల మీద జారిపడి మోచెయ్యి వాస్తే వెళ్లింది. డాక్టర్ గారు మంచాయన, అందరూ దేవుడంటారు. బీపీ చూసేవాడు, నాలుక చూసేవాడు, గులాబీ రంగు మందునీళ్లు రాసిచ్చేవాడు. "కారం తగ్గించండమ్మా, ఎక్కువ ఆలోచించకండి," అని చెప్పి పంపేవాడు. అడగందే అమ్మయినా పెట్టదంటారు. అడగందే రోగి మాత్రం ఎందుకు చెబుతుంది?

సరిగ్గా ఆ రోజుల్లోనే పెద్దాసుపత్రి కాలేజీ నుంచి ఒక డాక్టరమ్మ ఆ క్లినిక్‌కు రావడం మొదలుపెట్టింది. మా బస్సులోనే వచ్చేది. నాకు నోరు ఊరుకోదు కదా, ఏం పని మీద వస్తున్నారమ్మా అని అడిగాను. కడుపు నొప్పులకూ నిద్రలేమికీ మామూలు డాక్టర్ల దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామందికి అసలు జబ్బు తాగుడేనట. వాళ్లూ చెప్పరు, డాక్టర్లూ అడగరు. అది ఎంతమందికి ఉందో పరిశోధన చేస్తున్నారట. "దేనికొచ్చినా సరే, వచ్చిన ప్రతి మనిషినీ అడగాలి. కాగితంలో రాసిన మాటలతోనే అడగాలి. ఒక్కరినే గదిలోకి తీసుకెళ్లి అడగాలి. కాగితం మీద పేరుండదు. అలవాటు ముదిరినవాళ్లుంటే డాక్టర్ గారే మాట్లాడి చికిత్సకు పంపిస్తారు," అంది.

"అయితే మీది కూడా నా ఉద్యోగమే," అన్నాను. నవ్వింది. క్లినిక్‌లో నర్సుకు అంతా నేర్పించి వెళ్లిపోయింది. తర్వాత మా బస్సులో కనపడలేదు. కాగితాలు కవర్లో పెట్టి పంపే పని నర్సే చూసుకునేది.

నేను పరుగున వెళ్లి అక్కకు చెప్పాను. "అడుగుతారటే. నువ్వు కోరుకున్నట్టే. గదిలో, ఒక్కదాన్నే." అక్క పెట్టె తీసి ఇస్త్రీ బట్టలు వేసుకుంది. జుట్టు నున్నగా దువ్వుకుంది. పెళ్లిచూపులకు కూడా అంత ముస్తాబు కాలేదు. ఆ పూట గొంతులో ఒక్క చుక్క పోసుకోలేదు, చెప్పబోయే మాట మందు నోటితో చెప్పకూడదనుకుంది. చేతులు ఒకటే వణుకుతుంటే ఒడిలో సంచి పెట్టుకుని, దాని కింద దాచుకుని, క్లినిక్ బెంచీ మీద నా పక్కన కూర్చుంది.

ఆ నర్సును అందరూ సిస్టరమ్మ అంటారు. ఆ వీధిలో సగంమంది పిల్లలకు సూదులు వేసిన చెయ్యి ఆమెది, అందరి కష్టసుఖాలూ ఆమెకు తెలుసు. కాగితాల అట్ట పట్టుకుని బెంచీ వెంబడి వస్తోంది. ముందు కూర్చున్న పెయింటర్‌ను లోపలికి తీసుకెళ్లింది. అతను బయటికొచ్చాక పాలు పోసేవాణ్ణి తీసుకెళ్లింది. తర్వాత మా ముందుకొచ్చి నిలబడింది. అక్క లేవబోయింది, గదిలోకి వెళ్లడానికి.

"కూర్చో అక్కా, నీకెందుకులే ఇవన్నీ," అంది సిస్టరమ్మ. "మీ ఆయన తాగుతాడా?"

సగం లేచిన అక్క మళ్లీ కూర్చుంది. "లేదు. ఎప్పుడూ ముట్టుకోడు," అంది. అది నిజమే కదా.

"అదృష్టవంతురాలివి. ఇలాంటి మొగుడు ఎంతమందికి దొరుకుతాడు చెప్పు?" అంటూ సిస్టరమ్మ నిలబడ్డచోటే కాగితం మీద పైనుంచి కిందిదాకా లేదు, లేదు, లేదు అని గీతలు కొట్టేసింది. అక్క కాగితం అది. ఆ ప్రశ్నలు అక్కవి.

"సిస్టర్, ఆమెను అడగండి. ఆమె తాగుతుందేమో అడగండి," అన్నాను.

సిస్టరమ్మ పకపకా నవ్వింది. "నీకు వేళాపాళా లేదా కండక్టరమ్మా? కత్తెరక్క తాగుతుందా? ఇంకా నయం, నేనే తాగుతానని అనలేదు నువ్వు." బెంచీ మీదవాళ్లంతా నవ్వారు. నేను చెప్పింది ఒక్కరూ నమ్మలేదు, ఎందుకంటే చెప్పింది నేను. మా అక్క కూడా నవ్వింది. సంచి కింద చేతులు గిలగిలా కొట్టుకుంటూనే ఉన్నాయి, మొహం మాత్రం నవ్వింది. ఆ నవ్వు తలచుకుంటే నాకిప్పటికీ అన్నం దిగదు.

డాక్టర్ గారి ముందుకెళ్లాక మళ్లీ అన్నాను, ఆ ప్రశ్నలు అక్కను మీరే అడగండి అని. ఆయన కాగితం వంక చూసి, "అడిగేశారుగా తల్లీ, అన్నీ లేదనే ఉన్నాయి," అన్నాడు. అక్కను చూసి, "ఇంట్లో ఏ బాధా లేదు, మీవారు బంగారం. మనసు ప్రశాంతంగా పెట్టుకోండి," అని మళ్లీ అదే గులాబీ రంగు మందు రాశాడు.

దారిలో అక్కను చెయ్యి పట్టుకుని ఆపాను. వెనక్కి పోదాం పద, చెబుదాం పద అన్నాను. "అడగలేదుగా. అయిపోయింది. వదిలెయ్," అంది. సరాసరి షాపుకు వెళ్లింది. బొత్తాల డబ్బా దగ్గరికి.

నేను వదల్లేదు. వదిలితే నేను కండక్టర్‌నే కాదు. మరుసటి వారం సెలవు పెట్టి ఒక్కదాన్నే డాక్టర్ గారి దగ్గరికి వెళ్లాను. జోకుల్లేవు, నవ్వుల్లేవు. "మా అక్క పొద్దున్న లేస్తే తాగుతోంది, కాపాడండి," అన్నాను. ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "మీ అక్కాచెల్లెళ్ల మధ్య ఏమైనా గొడవలున్నాయా?" అని అడిగాడు. చూశారా, అడగడం రాక కాదు ఆయనకు.

పోనీ అక్కడితో ఆగాడా? మా బావ బీపీ బిళ్లలకు వచ్చినప్పుడు, పెద్దరికం కొద్దీ, మంచి చేద్దామనే ఉద్దేశంతోనే, "మీ మరదలు ఏదేదో ప్రచారం చేస్తోంది, కాస్త చూసుకోండి," అని చెప్పాడు. పెదవి దాటితే పృథివి దాటుతుందని ఊరికే అనలేదు. ఆ సాయంత్రమే బావ నన్ను పిలిపించాడు. గుమ్మంలోకి అడుగు పెట్టనివ్వలేదు. అక్క లోపల తలుపు పట్టుకుని నిలబడి ఉంది.

"నీ అక్క మీద ఇంత మాట ఎలా అన్నావ్? మా నాన్న సంగతి తెలిసి కూడా, నా ఇంటి మీద ఆ మాట అంటావా?" అన్నాడు.

"నన్నెందుకు అడుగుతావ్ బావా? ఆమెను అడుగు."

ఆయన అడగలేదు. అక్క వైపు తిరిగి, "చెప్పు, ఇదంతా అబద్ధమని చెప్పు," అన్నాడు. ఇదెక్కడి అడగడం? జవాబు కూడా ఆయనే ఇచ్చేశాడు. అక్క నా వంక చూడలేదు. "అబద్ధం," అంది. ఆ తలుపు నా మొహం మీద పడింది. అక్క మీద కోపం రాలేదంటే నేను అబద్ధమాడినట్టే. వచ్చింది, చాలా వచ్చింది. కానీ నేను చేసింది తప్పని అప్పుడూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోను.

ఆ తర్వాత మా మధ్య మాటల్లేవు. ఆ షాపు ముందు నుంచే మా బస్సు వెళుతుంది. బల్ల కిటికీ పక్కనే. బస్సు ఆగినప్పుడల్లా చూసేదాన్ని. అక్క సన్నబడిపోతోంది, కడుపు మాత్రం పెరుగుతోంది. ఒకసారి కళ్లు కలిశాయి. కత్తెర ఎత్తి చూపించింది, నీ నోరు కోస్తా అన్నట్టు, చిన్నప్పుడు ఆడుకున్నట్టు. నేను నాలుక బయటపెట్టాను. అంతలో డ్రైవర్ బస్సు కదిపేశాడు.

మరి కొన్నాళ్లకు కిటికీ దగ్గర వేరే ఎవరో నిలబడి ఉన్నారు. ఆ మధ్యాహ్నమే బావ నుంచి కబురొచ్చింది, పెద్దాసుపత్రికి రమ్మని. అక్క రక్తం కక్కుకుందట. వెళ్లేసరికి మంచం మీద ఉంది, కళ్లు పసుపు ముద్దల్లా ఉన్నాయి. కుర్ర డాక్టర్ ఒకడు అట్ట పట్టుకుని నిలబడి ఉన్నాడు. నిద్ర లేక వాడి కళ్లు గుంటలు పడ్డాయి. అక్క మొహం కూడా చూడకుండా, నేను టికెట్లు అడిగే గొంతుతో గడగడా అడుగుతున్నాడు. "షుగర్ ఉందా? బీపీ ఉందా? ఆపరేషన్లేమైనా జరిగాయా? మద్యం అలవాటుందా?"

"ఉందండీ," అంది అక్క.

అంతే. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. నాకిచ్చిన మాట అది.

"ఏం మాట్లాడుతున్నావ్?" అన్నాడు బావ. "డాక్టర్ గారూ, ఒంట్లో బాలేక ఏదో పలవరిస్తోంది, రాసుకోకండి."

"పలవరింత కాదు," అంది అక్క. గొంతు సన్నగా ఉంది, కానీ తడబడలేదు. ఆ కుర్రాడు అప్పుడు తలెత్తాడు. బావను బయట నిలబడమన్నాడు. నన్ను పొమ్మనలేదు, అక్క నా చెయ్యి వదల్లేదు. ఎన్నాళ్ల నుంచి, ఏం తాగుతారు, ఎంత తాగుతారు అని అడిగాడు. అన్నింటికీ చెప్పింది. బరువు దింపుకున్నట్టు ఒక్కొక్కటే చెప్పింది.

"ఇంతకు ముందు డాక్టర్‌కి చూపించుకోలేదా?"

"చాలాసార్లు చూపించుకున్నానండీ."

"మరి ఇది చెప్పలేదా?"

"వాళ్లు అడగలేదండీ," అంది.

అక్క ఆ మంచం మీద నుంచి మళ్లీ లేవలేదు. లివర్ ఎప్పుడో పోయిందట, ఒకట్రెండేళ్ల ముందు వచ్చి ఉంటే బతికించేవాళ్లమని ఆ కుర్రాడే చెప్పాడు. ఒకట్రెండేళ్ల ముందు మేమెక్కడున్నామో నాకు తెలుసు. ఇస్త్రీ బట్టలు కట్టుకుని బెంచీ మీద ఉన్నాం. బావ అందరికీ కామెర్లని చెప్పాడు. కర్మకాండలయ్యాక ఒకసారి మా ఇంటికొచ్చి, "నాకెందుకు చెప్పలేదు? నేనంత చెడ్డవాణ్ణా?" అన్నాడు. చెడ్డవాడివైతే అక్క ఏనాడో చెప్పేది బావా, అన్నాను. చేతుల్లో మొహం పెట్టుకుని కూర్చున్నాడు. కాఫీ ఇచ్చాను, తాగకుండానే వెళ్లిపోయాడు.

రోజంతా నిలబడీ నిలబడీ నాకు మోకాళ్లు పట్టేశాయి. అక్క పోయాక ఆ క్లినిక్ గడప తొక్కకూడదనుకున్నాను గానీ, నడవలేని కాళ్లకు రోషం ఏం తెలుసు? మొన్న వెళ్లాను. గోడ మీద అద్దం కట్టిన బోర్డు ఒకటి కొత్తగా కనిపించింది. పరిశోధనలో తేలిన లెక్కలట. మద్యం సమస్య ఉన్న రోగులు అని పెద్ద అక్షరాలు, కింద మగవాళ్లకు ఎర్ర రంగులో నిలువు పట్టీ. పక్కన ఆడవాళ్లు అని రాసి, పైన ఖాళీ. ఖాళీ కింద సున్నా. డాక్టర్ గారు ఎవరో పెద్దాయనకు ఆ బోర్డు చూపిస్తూ, "మా ఏరియా ఆడవాళ్లు చాలా పద్ధతి గలవాళ్లండీ," అంటున్నాడు. ఆ సున్నాలో మా అక్క ఉంది. ఇంకెంతమంది ఉన్నారో ఆ దేవుడికే తెలియాలి.

పరిశోధన రెండో విడత నడుస్తోందట. సిస్టరమ్మ అట్ట పట్టుకుని బెంచీ వెంబడి వస్తోంది. జుట్టు నెరిసింది, నడక తగ్గింది, పద్ధతి మాత్రం మారలేదు. నా దగ్గరికొచ్చి, "బాగున్నావా కండక్టరమ్మా? మీ ఇంట్లో మగవాళ్లు..." అని మొదలుపెట్టింది.

"మగవాళ్ల సంగతి తర్వాత. నన్నడగండి."

"నీకెప్పుడూ ఎగతాళే..."

"ఎగతాళి కాదు సిస్టర్. మా అక్క ఇదే బెంచీ మీద కూర్చున్నప్పుడూ ఎగతాళి కాదు."

ఆమె చేతిలో పెన్ను ఆగిపోయింది. మా అక్కను చివరిసారి చూడ్డానికి వచ్చిన మనిషి ఆమె. ఆ పసుపు మొహం చూసింది. ఇన్నేళ్లు సూదులు వేసిన మనిషికి కామెర్లంటే నమ్మేంత అమాయకత్వం ఉండదు.

"పరువుగల ఇంటి ఆడవాళ్లను ఆ మాట ఎలా అడగనమ్మా?" అంది, గొంతు తగ్గించి. "మొహం మీద ఉమ్మినట్టు ఉండదూ? మర్యాదకే కదా అడగంది."

"మర్యాద చాలు సిస్టర్. మా అక్కకు సరిపోయింది. కాగితంలో ఎలా ఉందో అలా అడగండి."

అడిగింది. మొదటి ప్రశ్నకు నీళ్లు నమిలింది, రెండో దానికి నా వంక చూడలేదు. నేను ముట్టనని చెప్పాను, అది నిజం. చివరి ప్రశ్న అడిగేదాకా నేను లేవలేదు. తర్వాత నా పక్కన కూర్చున్నామె వైపు చూపించాను. ఆమె ఎవరో నాకు తెలియదు, అప్పుడప్పుడు మా బస్సులో కనిపిస్తుంది. ఆఫీసు మనిషిలా ఉంది, నీటుగా ఉంది. ఒడిలో పెద్ద సంచి పెట్టుకుని, చేతులు దాని కింద పెట్టుకుంది.

"ఈమెనూ అడగండి. ఇక్కడ కాదు, గదిలో."

సిస్టరమ్మ కొట్టేస్తుందేమో అనుకున్నాను, పైనుంచి కిందిదాకా గీతలు. కొట్టలేదు. ఆమె ముందుకు వంగి, "లోపలికి రామ్మా, కొన్ని ప్రశ్నలు అడగాలి," అంది.

"దేని గురించండీ?"

"తాగుడు అలవాటు గురించి."

ఆమెకు కోపం రాలేదు. నవ్వలేదు. తలుపు వంక చూసింది, నా వంక చూసింది, సిస్టరమ్మ వంక చూసింది. "ఎవరైనా ఏమైనా చెప్పారా మీకు?" అంది, వినీ వినపడనట్టు.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఉందని ఇంకో రోజైతే పైకే అనేసేదాన్ని. సిస్టరమ్మకు కూడా తెలిసిపోయింది. అట్టను గుండెకు ఆనించుకుంది.

"ఎవరూ చెప్పలేదమ్మా," అంది. "అందర్నీ అడుగుతున్నాం."

ఇద్దరూ గదిలోకి వెళ్లారు, తలుపు వేసుకున్నారు. ఎంతసేపైనా తెరవలేదు. డాక్టర్ గారు నన్ను పిలిచారు, మళ్లీ పిలిచారు. నేను మోకాళ్ల సంగతి వదిలేసి బయటికొచ్చేశాను. అందర్నీ అడుగుతున్నాం. ఆ ఒక్క మాట ఆ నోటి నుంచి రావడానికి మా అక్క పోవాల్సి వచ్చింది. డ్యూటీ బట్టల్లోనే, జనమంతా చూస్తుండగా, రోడ్డు మీద నిలబడి ఏడ్చాను. ఏమైందమ్మా అని ఒక్కరూ అడగలేదు.